ఆకాశం కింద తాగునీరు: పాత రిజర్వాయర్లకు మూత ఎలా?

[దృశ్యం: కొండ మీద విశాలమైన కొలను. నీటి మీద వాలుతున్న పక్షులు.]

చూడటానికి చెరువులా ఉన్నా ఇది చెరువు కాదు. వడపోసి, క్లోరిన్ కలిపిన నీళ్లు ఇందులో నిలవ ఉంటాయి. ఇక్కడి నుంచి నేరుగా కుళాయిలకే, మధ్యలో మరో వడపోత లేదు. పక్షి రెట్ట పడినా, గట్టు మీది మట్టి వానకు జారినా ఆపేవారు లేరు.

క్లోరిన్ ఉందిగా? బ్యాక్టీరియా వరకు ఫరవాలేదు. క్రిప్టోస్పోరిడియం మాత్రం దానికి లొంగదు. 4 నుంచి 6 మైక్రాన్ల పరాన్నజీవి, చుట్టూ గట్టి పెంకు. లీటరుకు 1 మిల్లీగ్రాము క్లోరిన్ ఉన్న గోరువెచ్చటి నీటిలో వెయ్యింటిలో 999 చావాలంటే పది రోజులు దాటుతుంది. 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో వడపోత దెబ్బతిని దాదాపు 4 లక్షల మంది జబ్బుపడింది దీనివల్లే.

అమెరికా 2006లో తెచ్చిన నిబంధన రెండు దారులే ఇచ్చింది. రిజర్వాయర్‌కు మూత వేయాలి, లేదా బయటికి వెళ్లే నీటిని మళ్లీ శుద్ధి చేయాలి. రెండో దారిలో 10,000 వైరస్‌లలో 9,999, జియార్డియా అనే మరో పరాన్నజీవిలో వెయ్యికి 999, వంద క్రిప్టోలో 99 పోవాలి.

[దృశ్యం: యూవీ గొట్టం, లోపల వెలుగుతున్న దీపాలు.]

ఈ లెక్కలో ఒక తిరకాసు ఉంది. క్రిప్టోకు చదరపు సెంటీమీటరుకు 5.8 మిల్లీజౌళ్ల యూవీ, అంటే అతినీలలోహిత కాంతి, చాలు. వైరస్‌లకు 186 కావాలి! అందుకే పరాన్నజీవుల పని యూవీకి, వైరస్‌ల పని క్లోరిన్‌కు అప్పగిస్తారు. కరెంటు ఒక్క క్షణం పోయినా దీపాలు మళ్లీ పూర్తిగా వెలగడానికి నిమిషాలు పడుతుంది. ఆలోగా వాల్వు దానంతటదే మూసుకోకపోతే నీళ్లు శుద్ధి కాకుండానే ఊళ్లోకి వెళ్తాయి.

[దృశ్యం: నీటి మీద నల్లటి బంతులు.]

2015లో లాస్ ఏంజెలెస్ రిజర్వాయర్‌లో వేసిన 9.6 కోట్ల బంతులివి. ఆవిరి తగ్గించడానికేనని చాలామంది అనుకుంటారు. అసలు గొడవ బ్రోమేట్‌ది. నీటిలోని బ్రోమైడ్, క్లోరిన్ ఎండలో కలిస్తే అది పుడుతుంది. క్యాన్సర్ కారకమని దానికి అనుమానపు పేరుంది. బంతులు ఎండను ఆపుతాయి, క్రిములను కాదు. కాబట్టి యూవీ ప్లాంటు కూడా కట్టక తప్పలేదు.

ఇక మూత. తేలే షీటు తొందరగా వేయొచ్చు. కానీ దాని మీద వాన నీళ్లు, రెట్టలు పోగవుతాయి. చిరిగిందా, ఆ మురికంతా లోపలికే. అందుకే బరువులు వరుసగా పెట్టి షీటులో కాలువల్లాంటి మడతలు తీస్తారు, అక్కడ చేరిన నీటిని పంపుతో తోడేస్తారు. ఆ పంపు ఆగితే షీటు మీద చిన్న చెరువే తయారవుతుంది.

అమెరికాలోనే పోర్ట్‌ల్యాండ్ నగరం మరో దారి పట్టింది. పావెల్ బ్యూట్ కొండలో సుమారు 19 కోట్ల లీటర్ల ట్యాంకు పూడ్చి కట్టి, 2015 చివర్లో మౌంట్ టేబర్ కొండ మీది మూతలేని కొలనులను తాగునీటి నుంచి విడదీసింది.

పైకప్పు ఉంటే చాలనుకోవద్దు. 2008లో అమెరికాలోని అలమోసా పట్టణంలో సాల్మొనెల్లా బ్యాక్టీరియా వ్యాపించింది కప్పున్న కాంక్రీటు ట్యాంకు నుంచే. గోడల్లో పగుళ్లు, పైగా ఆ ఊరి నీటికి క్లోరిన్ లేదు.

[దృశ్యం: కప్పు మీద మనిషి దిగే ద్వారం, దగ్గరగా.]

కాబట్టి చూడాల్సింది రంధ్రాలు. కప్పు మీది ద్వారం చట్రం కనీసం 4 అంగుళాలు ఎత్తుండాలి, మూత అంచు దాని మీద 2 అంగుళాలు కిందికి దిగాలి. మట్టి కప్పిన ట్యాంకైతే ఆ ఎత్తు 24 అంగుళాలు. గాలి గొట్టం నోరు కిందికి వంగి, అంగుళానికి 24 కళ్ల జాలీ ఉండాలి. ఓవర్‌ఫ్లో పైపు నేల కంటే 12 నుంచి 24 అంగుళాల పైన ముగియాలి. మురుగు కాలువకు నేరుగా కలపకూడదు.

నీళ్లు వచ్చే గొట్టం, పోయే గొట్టం పక్కపక్కనే పెడితే దూరపు మూలలో నీళ్లు కదలవు, క్లోరిన్ అక్కడ తగ్గిపోతుంది. నింపేముందు గోడలను కడిగి, లీటరుకు 200 మిల్లీగ్రాముల క్లోరిన్ ద్రావణం చల్లి 30 నిమిషాలు ఉంచే పద్ధతి ఒకటుంది. తర్వాత నింపి, బ్యాక్టీరియా పరీక్షలో నెగ్గితేనే వాల్వు తెరవాలి. కడిగిన ఆ ఘాటు నీళ్లను వాగులోకి వదిలితే చేపలు చస్తాయి. ముందు సోడియం థయోసల్ఫేట్ కలిపి క్లోరిన్ విరగ్గొట్టాలి.