కూజా మొక్కకు పగటి వెలుగు ఎంత, రాత్రి చల్లదనం ఎంత?

నమస్కారం. ఇంట్లో పెంచుతున్న కూజా మొక్క, అంటే నెపెంథిస్, ఆకులు బాగానే వేస్తూ పురుగులను పట్టే కూజాలు కట్టడం మాత్రం మానేస్తే, చాలామంది మొదట నీళ్లనో ఎరువునో అనుమానిస్తారు. గాలిలో తేమ తగినంత ఉన్నప్పటికీ కూజాలు రావడం లేదంటే, ముందుగా పరిశీలించవలసినవి వెలుగు, రాత్రి ఉష్ణోగ్రత.

మీ మొక్క ఏ ఎత్తు నుంచి వచ్చిన జాతిదో మొదట తెలుసుకోవాలి. బోర్నియో దీవిలోని పల్లపు చిత్తడి అడవుల్లో పెరిగే నెపెంథిస్ బైకాల్కరేటా అనే జాతికి పగలు 27 నుంచి 32 డిగ్రీల సెల్సియస్, రాత్రి 21 డిగ్రీలకు తగ్గని వెచ్చదనం కావాలి. అదే దీవిలో, కినబాలు కొండ మీద 1,500 మీటర్లకు పైన పెరిగే నెపెంథిస్ రాజాకు పగలు 20 నుంచి 25 డిగ్రీలు చాలు. రాత్రి మాత్రం 12 నుంచి 15 డిగ్రీల వరకు దిగాలి. ఉష్ణమండలపు మొక్క కదా అని రెండింటినీ ఒకే వేడిలో ఉంచితే, కొండ మొక్క నెలల తరబడి నెమ్మదిగా క్షీణిస్తుంది. పగలు కిరణజన్య సంయోగక్రియలో తయారుచేసుకున్న చక్కెరలను మొక్క రాత్రి శ్వాసక్రియలో ఖర్చు చేస్తుంది. రాత్రి వేడిగా ఉన్నకొద్దీ ఆ ఖర్చు పెరిగి, కొత్త పెరుగుదలకు మిగిలేది తగ్గుతుంది. అందుకే కొండ జాతుల విషయంలో, పగటి వేడి కాస్త హెచ్చినా నేను అంతగా కంగారుపడను గానీ, చల్లబడని రాత్రిని మాత్రం ఉపేక్షించను. ఆ చల్లదనం ఇవ్వలేని ఇంట్లో వెంట్రాటా వంటి ఓర్పుగల సంకరజాతిని ఎంచుకోవడమే మేలు.

ఇక వెలుగు. కూజా అనేది ఆకు కొసన నులితీగ చివర ఏర్పడే భాగం కాబట్టి, ఆకుకు వెలుగు చాలకపోతే కూజాగా మారాల్సిన మొగ్గ చిన్నదిగానే ఆగి ఎండిపోతుంది. ముదురాకుపచ్చగా, పొడవుగా, వాలిపోయినట్లున్న ఆకులు వెలుగు తక్కువైందని చెబుతాయి. లేత ఎరుపు పొర చాలా జాతుల్లో మంచి వెలుగుకు గుర్తు. వెలిసిపోయిన మచ్చలు మాత్రం మాడినట్లు లెక్క. తెల్లని ఎల్ఈడీ దీపాన్ని ఆకులకు 20 నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తున అమర్చి, టైమర్‌తో రోజుకు 12 నుంచి 14 గంటలు వెలిగించడంతో మొదలుపెట్టి, ఆకుల రంగును బట్టి ఎత్తు సవరించుకోవచ్చు. ఊదారంగు దీపాలు పనిచేయవని కాదు గానీ, వాటి కింద ఆకు అసలు రంగు మనకు తెలియదు.

దీపం వెలుగుతోపాటు వేడినీ ఇస్తుంది కనుక, మూసిన గాజు తొట్టిలోని ఉష్ణోగ్రత గదికంటే ఎక్కువగానే ఉంటుంది. కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రతలను నమోదుచేసే థర్మామీటరును గోడకు కాకుండా ఆకుల పక్కన, దీపకాంతి నేరుగా పడని చోట ఉంచండి. అటువంటి తొట్టిని నేరుగా ఎండ పడే కిటికీలో ఎన్నడూ పెట్టవద్దు. కొద్దిసేపట్లోనే మొక్క ఉడికిపోతుంది.

మార్పు చేశాక పాత ఆకులను చూసి నిరుత్సాహపడకండి. ఎండిన మొగ్గ మళ్లీ కూజా కాదు. ఆ తరువాత విచ్చుకునే రెండు మూడు ఆకుల కొసలను గమనించండి.