నువ్వు ఏ ఓఎస్ మీద నడుస్తున్నావు?

(బెంగళూరులో తెలుగు ప్రోగ్రామర్ల కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

బెంగళూరులో మనందరికీ అలవాటైన ప్రశ్న ఒకటుంది: "మీదే ఊరండీ?" కన్నడవాళ్ళు అడిగితే "ఆంధ్రా" అంటాం. తెలుగువాళ్ళు అడిగితే "చిత్తూరు జిల్లా" అంటాం. అడిగినవాళ్ళదీ ఆ జిల్లాయేనని తెలిస్తే అప్పుడు పల్లె పేరు చెబుతాం. మూడూ నిజాలే. ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) కూడా ఇలాగే అడిగిన ప్రోగ్రామ్‌ని బట్టి జవాబిస్తుంది. ఒక్కోసారి అది నిజం కూడా కాదు. "ఓఎస్ ఏది" అని ఒక్కసారి అడిగి వచ్చిన మాటను అన్ని పనులకూ వాడుకునే కోడ్ ఏదో ఒక రోజు విరుగుతుంది. ఎక్కడ, ఎందుకు విరుగుతుందో ఇవాళ చూద్దాం.

ముందు చిన్నది. పైథాన్‌లో ఓఎస్ పేరు చెప్పే సిస్.ప్లాట్‌ఫామ్ అడిగితే విండోస్ "విన్32" అంటుంది, 64 బిట్ మెషీన్ అయినా సరే. మ్యాక్ "డార్విన్" అంటుంది. ఆ స్ట్రింగ్‌లో "విన్" ఉందా అని వెతికే కోడ్ ఇప్పటికీ రాస్తున్నారు. డార్విన్ చివర ఉన్నదీ "విన్" కదా! మ్యాక్ మీద ఆ కోడ్ విండోస్ దారి పట్టి, లేని సి డ్రైవ్ కోసం వెతుకుతుంది. విండోస్ మీద యూనిక్స్ వాతావరణం ఇచ్చే సిగ్‌విన్‌దీ అదే కథ. స్ట్రింగ్ మొత్తాన్ని పోల్చండి, లేదా మొదలు నుంచి పోల్చండి. లినక్స్‌కి రెండోదే మేలు, ఎందుకంటే పైథాన్ 3.3కి ముందు జవాబు "లినక్స్2"గా ఉండేది.

సీ, సీ++ రాసేవాళ్ళు మాక్రోలతో, అంటే కంపైలర్ ముందే నిర్వచించి పెట్టే పేర్లతో, అడుగుతారు. ఆండ్రాయిడ్‌కి కంపైల్ చేస్తే ఆండ్రాయిడ్ మాక్రోతో పాటు లినక్స్ మాక్రో కూడా ఉంటుంది, కాబట్టి ఆండ్రాయిడ్‌ని ముందు అడగాలి. యాపిల్ మాక్రో ఐఫోన్‌కీ మ్యాక్‌కీ ఒకటే. అయినా మాక్రో చెప్పేది ఈ బైనరీని దేనికోసం కట్టారో మాత్రమే, ఇప్పుడు ఎక్కడ నడుస్తోందో కాదు. యాపిల్ సిలికాన్ (యాపిల్ సొంత చిప్) మ్యాక్ మీద, ఇంటెల్ ప్రోగ్రామ్‌లను అనువదించి నడిపే రొసెట్టాలో నడిచే ప్రాసెస్, ప్రాసెసర్ ఏదని యూనేమ్ మైనస్ ఎమ్ కమాండ్‌తో అడిగితే ఎక్స్86, అంటే ఇంటెల్ రకం, అనే వస్తుంది. నిజం కావాలంటే సిస్టమ్ విలువలు చూపే సిస్‌కంట్రోల్‌లో "ప్రాక్ ట్రాన్స్‌లేటెడ్" విలువ చూడాలి. అది 1 అయితే అనువాదంలో నడుస్తున్నట్టు.

ఇక లినక్స్. ఇక్కడ కాస్త ఆగాలి, ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. యూనేమ్ కెర్నల్ (ఓఎస్ గుండెకాయ) సంగతి చెబుతుంది. ఏ లినక్స్ పంపిణీ, ఉబుంటునా, రాకీనా అన్నది దానికి పట్టదు. ఆ సంగతి ఈటీసీ డైరెక్టరీలోని ఓఎస్-రిలీజ్ ఫైల్లో ఉంటుంది. అక్కడ లేకపోతే యూఎస్ఆర్ కింద లిబ్‌లో చూడండి. ముందు ఐడీ చదవాలి. అది మీకు తెలియని పేరైతే ఐడీ-లైక్ చదవాలి. లినక్స్ మింట్‌లో ఐడీ "లినక్స్‌మింట్", ఐడీ-లైక్‌లో ఉబుంటు పేరు ఉంటుంది. కాబట్టి మింట్ పేరు వినని ఇన్‌స్టాలర్ కూడా ఉబుంటు ప్యాకేజీ మేనేజర్ ఏపీటీ వాడొచ్చని తెలుసుకుంటుంది. షెల్ స్క్రిప్ట్‌లో ఈ ఫైల్‌ని నేరుగా సోర్స్ చేస్తే, అంటే అందులోని లైన్లను మీ స్క్రిప్ట్‌లోనే నడిపిస్తే, నేమ్, వెర్షన్ అనే వేరియబుల్స్ దాని విలువలతో నిండిపోతాయి. మీ స్క్రిప్ట్‌లో కూడా వెర్షన్ అనే వేరియబుల్ ఉంటే అది చప్పుడు లేకుండా చెడుతుంది. సబ్‌షెల్‌లో, అంటే విడి షెల్‌లో, సోర్స్ చేసి, కావాల్సిన విలువ మాత్రం బయటికి తెచ్చుకోండి.

వెర్షన్ నంబర్ని దశాంశ సంఖ్యగా మార్చకండి. 22.10 కాస్తా 22.1 అవుతుంది. స్ట్రింగ్‌గా పోల్చినా "9" కంటే "10" చిన్నదవుతుంది. చుక్క దగ్గర విడగొట్టి, ఒక్కో ముక్కనీ పూర్ణాంకంగా పోల్చాలి. ఆర్చ్ లాంటి రోలింగ్ (వెర్షన్లు లేకుండా ఎడతెగక అప్‌డేట్ అయ్యే) పంపిణీల్లో వెర్షన్-ఐడీ లేకపోవచ్చు. దానికీ దారి ఉంచండి.

కంటైనర్ అంటే అద్దె ఇల్లు. లోపలి సామాను అద్దెకున్నవాళ్ళది, గోడలు ఓనరువి. ఓఎస్-రిలీజ్ కంటైనర్‌ది, యూనేమ్ మైనస్ ఆర్ ఇచ్చేది హోస్ట్ కెర్నల్‌ది. విండోస్ లోపల లినక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్‌లో అయితే ఆ కెర్నల్ పేరులోనే "మైక్రోసాఫ్ట్" కనబడుతుంది.

ఆల్పైన్ అనే చిన్న లినక్స్ పంపిణీ కంటైనర్ ఇమేజ్‌లో ఇంకో చిక్కు. ఫైల్ కళ్ళ ముందే ఉంటుంది, ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఉంటుంది, నడిపితే మాత్రం "ఫైల్ దొరకలేదు" అంటుంది. దొరకనిది మీ ఫైల్ కాదు, దాన్ని మెమరీలోకి ఎక్కించే డైనమిక్ లోడర్. మీ బైనరీ జీలిబ్‌సీ అనే సీ లైబ్రరీ లోడర్‌ని అడుగుతోంది, ఆల్పైన్‌లో ఉన్నది మజిల్ అనే వేరే సీ లైబ్రరీ. ఓఎస్ లినక్స్, ప్రాసెసర్ సరైనదే, అయినా నడవదు. ముందే కట్టిన బైనరీలను పంచేవాళ్ళు ఓఎస్, ప్రాసెసర్‌తో పాటు సీ లైబ్రరీ ఏదో కూడా చూసుకోవాలి.

జవాబు నిజం కాని సందర్భాలకు వద్దాం. విండోస్ 8.1 నుంచి గెట్-వెర్షన్-ఎక్స్ ఫంక్షన్ ప్రోగ్రామ్ మ్యానిఫెస్ట్‌ని (తన వివరాలు రాసుకున్న ఫైల్‌ని) చూసి జవాబిస్తుంది. ఈ విండోస్ నాకు తెలుసు అని మ్యానిఫెస్ట్‌లో రాయకపోతే 10 మీదైనా, 11 మీదైనా 6.2 అంటుంది, అంటే విండోస్ 8. మోసం కాదిది, పాత ప్రోగ్రామ్‌ల మీద దయ. "మేజర్ వెర్షన్ 6 అయితేనే నడుస్తా" అని రాసుకున్న ప్రోగ్రామ్‌లు 10ని చూస్తే ఆగిపోతాయి మరి. నిజం కావాలంటే మ్యానిఫెస్ట్ సరిచేయండి, లేదా విండోస్ లైబ్రరీ ఎన్‌టీడీఎల్‌ఎల్‌లోని ఆర్‌టీఎల్-గెట్-వెర్షన్‌ని పిలవండి. అప్పుడు కూడా విండోస్ 11 తన మేజర్ వెర్షన్ 10 అనే చెబుతుంది. బిల్డ్ నంబర్ 22000 లేదా ఆపైన ఉంటేనే అది 11. రిజిస్ట్రీలో ప్రోడక్ట్ నేమ్ చదివి నమ్మేవాళ్ళు జాగ్రత్త, విండోస్ 11 మీద కూడా అక్కడ "విండోస్ 10" అనే ఉంటుంది.

మ్యాక్ కూడా ఇంతే. 2020లో బిగ్ సర్ అనే మ్యాక్ఓఎస్ 11గా వచ్చినా, పాత ఎస్‌డీకే (డెవలపర్ కిట్)తో కట్టిన ప్రోగ్రామ్‌లకు తన పేరు 10.16 అని చెప్పుకుంది. 2011లో లినక్స్ 2.6 నుంచి 3.0కి మారినప్పుడు, 2.6 తప్ప ఇంకేదీ ఎరగని ప్రోగ్రామ్‌ల కోసం కెర్నల్‌లోనే ఒక వెసులుబాటు పెట్టారు. అది పెట్టి నడిపితే 3.0 కెర్నల్ 2.6.40గా కనబడుతుంది. బ్రౌజర్లు వెబ్‌సైట్లకు తమ గురించి చెప్పే యూజర్ ఏజెంట్ గురించి ఒక్క ముక్క: విండోస్ 11లోనూ అక్కడ ఎన్‌టీ 10.0 అనే ఉంటుంది, ఐప్యాడ్ తనను మ్యాకింటోష్ అని చెప్పుకుంటుంది. దాన్ని చూసి నిర్ణయాలు తీసుకోకండి.

మరేం చేయాలి? పేరు కాదు, పని అడగండి. ఫలానా సిస్టమ్ కాల్ (కెర్నల్‌ని అడిగే పని) కావాలంటే పిలిచి చూడండి, ఈనోసిస్, అంటే "ఆ కాల్ లేదు" అనే ఎర్రర్, వస్తే పాత దారికి మళ్ళండి. కెర్నల్ వెర్షన్ని బట్టి తేల్చడం రెడ్ హ్యాట్ మీద తప్పుతుంది. ఆర్‌హెచ్‌ఈఎల్ (రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్) 8 కెర్నల్ 4.18 అని చెబుతుంది గానీ, తర్వాతి కెర్నళ్ళ సదుపాయాలెన్నో అందులో వెనక్కి తెచ్చి కలిపారు. అయితే ఈ పద్ధతికీ ఒక గొయ్యి ఉంది. జీలిబ్‌సీ 2.34 కొత్త థ్రెడ్ కోసం ముందు క్లోన్3 అనే కొత్త సిస్టమ్ కాల్‌ని పిలుస్తుంది, ఈనోసిస్ వస్తేనే పాత క్లోన్‌కి వెళుతుంది. కంటైనర్లను నడిపే డాకర్‌లో, సిస్టమ్ కాల్స్‌ని వడగట్టే పాత సెక్‌కాంప్ ఫిల్టర్ మాత్రం ఈపెర్మ్ ఇచ్చేది. "ఆ కాల్ లేదు" అనాల్సిన చోట "నీకు అనుమతి లేదు" అన్నమాట. దాంతో కొత్త ఇమేజ్‌లలో థ్రెడ్‌లు పుట్టేవే కావు. డాకర్ 20.10.10లో దీన్ని సరిచేశారు.

పేరు అడగాల్సిన చోట్లు రెండే అనుకుంటాను: ప్యాకేజీ మేనేజర్ని ఎంచుకోవడానికి, లాగ్‌లో రాయడానికి. లాగ్‌లో మాత్రం పిసినారితనం వద్దు. మొదలవగానే కెర్నల్ రిలీజ్, ఓఎస్-రిలీజ్‌లోని ఐడీ, వెర్షన్, సీ లైబ్రరీ, బైనరీ ఏ ప్రాసెసర్‌కి కట్టిందో, మెషీన్ ఏ ప్రాసెసర్‌దో ఒకే లైన్లో రాయండి. ఇక ఏ పేరుతోనూ సరిపోనప్పుడు నడిచే చివరి ఎల్స్‌లో "అయితే లినక్స్ అయ్యుంటుంది" అని ఎప్పుడూ రాయకండి. లినక్స్ కాని ఫ్రీబీఎస్‌డీ మెషీన్ దొరికిన రోజున ఆ ఎల్స్ తప్పు ఫైల్‌ని తప్పు చోట పెట్టి, విజయవంతంగా ముగిసిందని చెబుతుంది. ఏ స్ట్రింగ్ వచ్చిందో ఉన్నదున్నట్టు ప్రింట్ చేసి, సున్నా కాని ఎగ్జిట్ కోడ్‌తో అక్కడే ఆపేయండి.