బిళ్ల మీది బంగారు అక్షరాలు

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలందరి పేర్లూ చదివితే నాకిచ్చిన టైమ్ అందుకే సరిపోతుంది, మన్నించండి. నన్ను నిజాం కాలపు చార్మినార్ రూపాయి గురించి మాట్లాడమన్నారు. కానీ ఇవాళ జేబులో వేరే బిళ్ల తెచ్చాను. క్యాసినో బిళ్ల, అంటే జూదశాలలో డబ్బుకు బదులుగా వాడేది.

మన నల్లగొండలో దీని పేరెత్తితే జూదమా అంటారు. కాదు. లాస్ వేగాస్‌లో స్టార్‌డస్ట్ క్యాసినోను 2006లో మూసేశారు, 2007లో భవనాన్నే కూల్చేశారు. అలా మూతపడినచోట మిగిలిన బిళ్లలను ధ్వంసం చేస్తారు. జనం దగ్గర ఉండిపోయినవే దక్కుతాయి. నాణేలలాగే వాటినీ దాచుకునేవాళ్లున్నారు.

ఇది మా తమ్ముడు అమెరికా నుంచి తెచ్చింది. వెనక ధర స్టిక్కర్ గమ్ము ఉండిపోయింది. మా అమ్మాయి నెయిల్ పాలిష్ రిమూవర్ దూదికి అద్ది రుద్దాను. గమ్ముతో ఊరుకోక ముందువైపూ తుడిచాను. బంగారం దూదికి అంటింది, పేరు పోయింది. ముందు వరుసలోని అన్నా, తీసుకో, వేలితో తడుము. వేడి అచ్చుతో అద్దిన అక్షరాల గుంటలు ఇంకా తగులుతాయి.

ఆ రిమూవర్‌లో ఉన్నది అసిటోన్. చాలా ప్లాస్టిక్‌లను కరిగిస్తుంది. ఆ తర్వాతే బుద్ధిగా పరీక్షలు చేశాను. చవక బిళ్లల డబ్బా కొని, అంచున ఒక్కో చుక్క వేశాను. అసిటోన్ పడ్డ ప్లాస్టిక్ బిళ్ల జిగురుగా మారి నా వేలిముద్ర పట్టేసింది. స్పిరిట్ రంగు తీయలేదు, కానీ గట్టిగా రుద్దితే అక్షరం అంచు లేచింది. లైటర్‌లో పోసే ద్రవం గమ్మును మాత్రమే వదిలించింది. పొయ్యి దగ్గర మాత్రం దాన్ని తెరవొద్దు. మట్టి బిళ్లలంటారే, వాటిలోనూ ఉండేది ఒట్టి మట్టి కాదు. ఒకదానికి పనికొచ్చింది ఇంకోదాన్ని పాడు చేస్తుంది.

అసలు మనకీ రుద్దే అలవాటు ఎక్కడిది? దసరా ముందు ఇత్తడి తాంబాలాలు చింతపండుతో తోముతాం, అవి మెరుస్తాయి. అదే చెయ్యి వెండి రూపాయి మీదికి పోతుంది. ఎంతమంది తోమారు? చేతులెత్తండి, సిగ్గుపడకండి. చూడండి ఎన్ని చేతులో! నూరేళ్లకు పట్టిన ఆ నలుపు ఒక్క పూటలో పోతుంది. వెండి మళ్లీ నల్లబడినా ఆ పాత నలుపు రాదు.

తమ్ముడు ఇప్పుడు లేడు. ఇంకో బిళ్ల తెచ్చిపెట్టేవాళ్లు నాకు లేరు.

బయట కిటికీ పక్కన బల్ల మీద నా చవక బిళ్లలు, దూది, సీసాలు పెట్టాను. మీ వస్తువులు సంచిలోంచి తీయకండి. ముందు నావాటి మీద ఒక చుక్క వేసి చూడండి.