ఈ రసం చారు కాదు

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో పడి ఇంతమంది వస్తారనుకోలేదు. నేను ఆయుర్వేద వైద్యుణ్నే, ముప్పై ఏళ్ళుగా ఇదే నా కూడు, కాబట్టి ఇవాళ నేను మాట్లాడేది ఆయుర్వేదం మీద కోపంతో కాదని ముందే చెప్పేస్తున్నా.

మా మందుల పేర్ల చివర ‘రస్’ అనో ‘రసం’ అనో కనిపిస్తే అది ఉసిరి రసమూ కాదు, మిరియాల చారూ కాదు, చాలావరకు పాదరసం. ఆనందభైరవి మాత్ర మీలో చాలామందికి తెలుసు, పిల్లాడికి విరేచనాలైతే తేనెలో అరగదీసి నాకించేవాళ్ళు. అందులో ఏముంటాయి? మిరియాలు, పిప్పళ్ళు, వెలిగారం సరే, వాటితోపాటు నాభి, అంటే వత్సనాభి అనే విషపు దుంప, ఇంకా ఇంగిలీకం. నాభి ఎంత విషమో పెద్దవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఇంగిలీకమంటే పాదరసం, గంధకం కలిసిన ఎర్ర రాయి. మా అమ్మమ్మ నాకూ పెట్టింది, బాగానే ఉన్నాను, కానీ నేను బాగుండటం ఆ మాత్రకి సర్టిఫికెట్ కాదు.

పాతవాళ్ళు పాదరసాన్ని ఊరికే మింగమనలేదు. శుద్ధి చెయ్యనిది విషమని వాళ్ళే దోషాలు లెక్కపెట్టి మరీ రాశారు. వెల్లుల్లి, సైంధవ లవణం వేసి నూరి, కడిగి, తర్వాత గంధకం కలిపి కల్వంలో నూరాలి. కాలేజీలో నేనూ నూరాను. మొదట వెండి పూసలు రోకలికి దొరక్కుండా పరిగెడతాయి, గంటలు గడిచేకొద్దీ బూడిదరంగుకి తిరిగి, చివరికి కాటుకలాంటి నల్లపొడి అవుతుంది. అదే కజ్జలి. వేలికి రాసి ఎండలో చూస్తే ఒక్క మెరుపు కూడా ఉండకూడదు, ఉంటే మళ్ళీ నూరుడే, భుజాలు పడిపోయేవి. ఆ కజ్జలిని గాజు సీసాలో పోసి, సీసాకి మట్టి పూసిన గుడ్డ ఏడు చుట్లు చుట్టి ఇసుకలో కాలిస్తే, మెడ దగ్గర ఎర్రగా పేరుకునేది రససిందూరం.

కజ్జలి అయినా, రససిందూరమైనా ప్రధానంగా మెర్క్యూరిక్ సల్ఫైడే, అంటే పాదరసం, గంధకం కలిసిన పదార్థం. అది నీళ్ళలో దాదాపు కరగదు, పేగుల నుంచి రక్తంలోకి వెళ్ళేది బాగా తక్కువ. మా వాళ్ళు వాదనకి దిగితే ఇక్కడితో ఆపేస్తారు. తక్కువంటే సున్నా కాదు కదండీ, నెలల తరబడి వాడితే కిడ్నీల్లో చేరుతూ ఉంటుంది. పైగా నూరేవాడు సగంలో చేతులెత్తేస్తే? వేలి మీద మెరుపు లేదని తెలుస్తుందే కానీ, ఒంట్లో ఎంత కరుగుతుందో వేలు చెప్పదు. రసకర్పూరమనే ఇంకో పాదరసం మందైతే అసలు సల్ఫైడే కాదు, క్లోరైడ్, దాని జోలికి నేను వెళ్ళను.

తమిళనాడు డాక్టర్లు 2022లో రాశారు, మూత్రంలో ప్రొటీన్ పోయే ఒకరకం కిడ్నీ జబ్బుతో వచ్చినవాళ్ళలో కొందరు నాటు మందులు వాడుతున్నవాళ్ళు. ఆ మందుల్లో కొన్నింట్లో పాదరసం బయటపడింది. ఆపేశాక చాలామందికి జబ్బు తగ్గింది కూడా. నా దగ్గరికీ ఒక రైతు వచ్చాడు, మోకాళ్ళ నొప్పులకి ఎనిమిది నెలలుగా ఎవరో ఇచ్చిన ఎర్రపొడి, పాత పేపర్లో పొట్లాలు కట్టింది, పేరు లేదు, ఊరు లేదు. కాళ్ళు వాచాయి, మూత్రంలో నురగ. “ఆయుర్వేదమే కదా డాక్టరుగారూ, సైడ్ ఎఫెక్టులుండవుగా” అన్నాడు. ఈ మాట నేర్పింది మేమే.

అమెరికాలో పిల్లలున్నవాళ్ళు సూట్‌కేసులో పచ్చళ్ళతోపాటు మందులూ సర్దుతారు, ఈ ముక్క వాళ్ళకి. అక్కడి పరిశోధకులు ఇంటర్నెట్‌లో 193 ఆయుర్వేద మందులు కొని పరీక్షించి 2008లో ఫలితాలు ప్రచురించారు, దాదాపు ఐదో వంతులో సీసమో, పాదరసమో, ఆర్సెనికో ఉన్నాయి. లోహాలూ ఖనిజాలూ కలిపి చేసే రసౌషధాల్లో అయితే 40 శాతం పైమాటే.

చట్టం సంగతికొస్తే, పాదరసం షెడ్యూల్ ఈ-వన్ అనే విషపదార్థాల జాబితాలో ఉంది, దానితో చేసిన మందుల్ని వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలని లేబుల్ మీద ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఉండాలి. తెలుగు తప్పనిసరి కాదు, అదీ మన ఖర్మ. నేనైతే గర్భిణులకి, చిన్నపిల్లలకి, కిడ్నీ తేడా ఉన్నవాళ్ళకి ఇవి రాయను. మిగతావాళ్ళకి ముందు మూత్రపరీక్ష, తర్వాతే మందు, అదీ కొద్ది రోజులే.

రెండు సీసాలు తెచ్చాను, ఒకదాంట్లో కజ్జలి, ఒకదాంట్లో రససిందూరం. చేతులు మారుతూ చివరి వరుస దాకా వెళ్ళనివ్వండి, మూత మాత్రం తియ్యకండి.