సముద్రం మీద ఒక్కడి రికార్డింగు

శ్రోతలందరికీ నమస్కారం.

బారువ నుంచి భావనపాడు, కళింగపట్నం మీదుగా చింతపల్లి, ముక్కాం దాకా మన ఉత్తరాంధ్ర తీరంలో చేపల వేటకు పోయే కుర్రాళ్లు ఈమధ్య బాగానే వీడియోలు తీస్తున్నారు. వలలో మెరిసే కవళ్లు, గేలానికి పడ్డ వంజరం, అన్నీ చక్కగా కనిపిస్తాయి. చూస్తే నాకు సంతోషంగా ఉంటుంది. కానీ వాటిలో మనిషి గొంతు ఉండదు. చేప వెనక ఏదో పాట పెట్టేస్తారు. ఆ చోటే గేలం ఎందుకు వేశాడు, నీటి రంగు చూసి ఏమనుకున్నాడు, గాలి మళ్లితే ఏం చేశాడు అన్నవి ఎవరికీ అందవు. నలుగురు వెళ్లే పడవలో అయితే ఏదో ఒక మాట దానంతటదే రికార్డవుతుంది. తెప్ప మీద ఒక్కడే పోయేవాడు మాత్రం పనిగట్టుకుని మాట్లాడాలి. ఈ పూట నేను చెప్పదలచుకున్నది అదే. ఒంటరి వేటలో బొమ్మ కన్నా గొంతు విలువైనది.

ముందు బొమ్మ సంగతి. ఒక్కడే ఉన్నవాడికి రెండు చేతులూ తాడుకీ తెడ్డుకీ సరిపోతాయి. కాబట్టి ఒడ్డున ఉండగానే కెమెరాను బిగించేయాలి. నెత్తికి కట్టుకుంటే తల తిప్పినప్పుడల్లా లోకమంతా తిరుగుతుంది, చూసేవాడికి వికారం పుడుతుంది. పడవకే చిన్న కర్ర నిలబెట్టి దానికి బిగిస్తే బొమ్మలో పడవ నిలకడగా ఉంటుంది, వెనక సముద్రం ఊగుతుంది. బిగింపు ఒక్కటే నమ్ముకోకుండా సన్నతాడుతో పడవకు కట్టండి. తడిచేతికి ఫోను తెర సరిగా పలకదు కనుక మీట పొడిచేత్తోనే నొక్కి బయల్దేరండి. ఒడ్డు అలలు దాటేదాకా దాన్ని ముట్టుకోవద్దు.

ఇక ధ్వని. కెమెరాకు నీరు చొరని డబ్బా తొడిగితే మాట మూటలోంచి వచ్చినట్టు వస్తుంది. డబ్బా తీసేస్తే గాలి హోరు తప్ప ఏమీ మిగలదు. అందుకే ధ్వనిని వేరేగా తీసుకోవాలి. ఒక పాత ఫోను, దానికి కాలరుకు తగిలించే చిన్న మైకు చాలు. మైకుకు బొచ్చు తొడుగు వేసి చొక్కా లోపలి వైపు తగిలిస్తే గాలి దెబ్బ చాలావరకు తగ్గుతుంది. రికార్డింగు మొదట్లో కెమెరా ఎదురుగా ఒక్క చప్పట కొట్టండి. ఇంటికొచ్చాక బొమ్మలో చేతులు కలిసిన చోటునూ ఆ చప్పుడునూ ఒకచోటికి తెస్తే రెండూ కలిసిపోతాయి. ధ్వని స్థాయి కాస్త తక్కువగానే పెట్టుకోండి. పెద్దచేప లాగినప్పుడు మనం అరుస్తాం కదా! తక్కువైన మాటను తర్వాత పెంచుకోవచ్చు, పగిలిపోయిన అరుపును ఎవరూ బాగుచేయలేరు. ఇంజను ఆపాకే ముఖ్యమైన మాట చెప్పండి.

ఏం మాట్లాడాలి? వానలు పడ్డాక వంశధార బురదనీరు సముద్రంలోకి చాలా దూరం పోతుంది. ఆ ఎర్రనీటికీ నీలినీటికీ మధ్య గీత కనిపిస్తుంది. ఆ గీతకు ఏ పక్కన ఉన్నారో చెప్పండి. గాలి ఎటునుంచి వస్తోంది, నీరు ఎటు లాగుతోంది, గేలానికి ఏ ఎర పెట్టారు, గేలం తాడుకు కట్టిన గుండు బురదలో దిగిందా ఇసుకలోనా, ఇవన్నీ నోటితో చెప్పాలి. మన పెద్దవాళ్లు ఒడ్డున ఒక చెట్టునూ దూరాన ఒక కొండనూ ఒకే వరసలోకి తెచ్చుకుని తమ చోటు పోల్చుకునేవారు. బారువ వైపు ఆకాశం తేటగా ఉన్న పూట 1501 మీటర్ల మహేంద్రగిరి కూడా ఆ లెక్కలోకి వచ్చేది. ఈ తెలివి కాగితం మీద లేదు, గొంతుల్లోనే ఉంది. నాకు దిగులంతా దాని గురించే.

ఇందులోనే ఒక జాగ్రత్త కూడా ఉంది. మీ వెనక కనిపించే కొండా దీపస్తంభం చూసి, తెలిసినవాడు మీ చేపల చోటు ఇట్టే పట్టేస్తాడు. చోటు దాచుకోవాలంటే కెమెరాను సముద్రం వైపు తిప్పండి, ఫోనులో లొకేషన్ ఆపేయండి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి మన ఒడ్డుకు వస్తాయి. వలలో తాబేలు చిక్కితే వీడియో కోసం పైకెత్తి పట్టుకోవద్దు, ముందు వదిలేయండి. 1972 వన్యప్రాణి చట్టం వాటికి గట్టి రక్షణ ఇచ్చింది.

ఒక్కడే పోయేవాడు లైఫ్ జాకెట్ తీయకూడదు. రికార్డింగు ఫోను వేరు, ప్రాణం కోసం ఉంచుకునే ఫోను వేరు. రెండోది నిండా ఛార్జింగుతో, నీరు చొరని సంచిలో, ఒంటికే ఉండాలి. కోస్ట్ గార్డ్ నంబరు 1554. ఎటు పోతున్నారో, ఎన్నింటికి వస్తారో ఇంట్లో చెప్పి వెళ్లండి. గాలి తిరిగితే కెమెరా మాట మరిచిపోండి.

తిరిగొచ్చాక డబ్బాను మూతతోనే మంచినీటిలో కడిగి, పూర్తిగా ఆరాకే తెరవండి. ఉప్పు ఊరుకోదు, మెల్లగా తినేస్తుంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం ఉంటుంది కదా. వలలు బాగుచేసుకునే ఆ రోజుల్లోనే రికార్డింగులు కూడా సర్దుకోండి. ఒక్కోదానికి తేదీ, గాలి దిక్కు, దొరికిన చేప పేరు పెట్టండి. ఇంట్లో తాతయ్య ఉంటే పక్కన కూర్చోబెట్టుకుని వినిపించండి. “అలా కాదురా, అక్కడ నీరు అడుగున లాగుతుంది” అని ఆయన అడ్డుపడతాడు. అప్పుడు ఫోను మళ్లీ ఆన్ చేసి, ఆయన మాటను కూడా అదే పేరుతో దాచండి.

సెలవు. నమస్కారం.