లాన్ చేనీ: మాటలు లేని ఇంట్లో నేర్చుకున్న నటన

సభకు నమస్కారం.

మూకీ సినిమా అనగానే చాప్లిన్ గుర్తొస్తారు. నేను ఈ రోజు ఆ కాలపు హాలీవుడ్ నటుడు లాన్ చేనీ గురించి చెప్పాలనుకుంటున్నాను. మేకప్‌తో పాత్రకో రూపం మార్చేవారు కాబట్టి ఆయన్ని 'వెయ్యి ముఖాల మనిషి' అనేవారు. నాకు మాత్రం ఆ మేకప్ కంటే ఆయన చేతులూ ఒళ్లూ మాట్లాడే తీరే ఎక్కువ ఇష్టం.

ఆయన 1883లో కొలరాడో స్ప్రింగ్స్‌లో పుట్టారు. తండ్రి బార్బర్. అమ్మానాన్నలిద్దరూ బధిరులు. తల్లి కీళ్లవాతంతో మంచం పడితే, చిన్నవాడైన చేనీ బడి మానేసి ఆమెను చూసుకున్నారు. బయటి కబుర్లన్నీ ఆమెకు సైగలతో, అభినయంతో చెప్పేవారు. నటనలో ఆయన మొదటి ప్రేక్షకురాలు ఆమే అని నా నమ్మకం.

తర్వాత ఊరూరా తిరిగే నాటక కంపెనీలు. 1913లో గాయని అయిన ఆయన మొదటి భార్య లాస్ ఏంజెలెస్‌లో థియేటర్లోనే విషం తాగారు. ప్రాణం దక్కింది కానీ గొంతు పోయింది. ఆ అపవాదుతో నాటకాల దారి మూసుకుపోయి, ఆయన సినిమాల్లో చిన్నాచితకా వేషాలు వేసుకుంటూ నిలదొక్కుకున్నారు.

1920లో వచ్చిన 'ది పెనాల్టీ' చూడండి. అందులో ఆయనది రెండు కాళ్లూ మోకాళ్ల దాకా పోయిన ముఠా నాయకుడి పాత్ర. కాళ్లు వెనక్కి మడిచి, పట్టీలతో బిగించి కట్టి, మోకాళ్లను తోలు తొడుగుల్లో దూర్చి నడిచారు. నొప్పికి ఎక్కువసేపు ఓర్చుకోలేక మధ్యమధ్య విప్పాల్సి వచ్చేది. అలాగే మోకాళ్ల మీద గోడెక్కుతారు కూడా! అంత బాధపడి ఆయన చూపించింది మాత్రం వైకల్యాన్ని కాదు, ఆ మనిషి కోపాన్ని. అందుకే ఆయన వికృత పాత్రల్ని చూస్తే భయంతో పాటు జాలీ వేస్తుంది.

మేకప్ మొత్తం సొంతంగానే చేసుకునేవారు. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా 1929 కూర్పులో మేకప్ మీద వ్యాసం రాసిందీ ఆయనే. ఆయన మేకప్ పెట్టె ఇప్పటికీ లాస్ ఏంజెలెస్ మ్యూజియంలో భద్రంగా ఉంది.

టాకీలు వచ్చాక ఆయన చేసింది ఒకే ఒక్క సినిమా, 1930లో 'ది అన్‌హోలీ త్రీ'. అందులో ముసలమ్మ గొంతుతో సహా ఐదు గొంతులు పలికించి, అవన్నీ తనవేనని ప్రమాణపత్రం మీద సంతకం చేశారు. ఆ ఆగస్టులోనే క్యాన్సర్‌తో పోయారు. అప్పటికి 47 ఏళ్లే. ఆ గొంతుతో ఇంకెన్ని పాత్రలు చేసేవారో అని ఇప్పటికీ బాధేస్తుంది.

ఇప్పుడు 1925 నాటి 'ది ఫాంటమ్ ఆఫ్ ది ఒపెరా' వేస్తున్నాం. అందులో ఆయన ముసుగు ఊడే సీన్లో అందరూ ముఖమే చూస్తారు. మీరు చేతుల్ని కూడా గమనించండి.