మాలోస్ బే: చెట్లు మొలిచిన ఓడలు

శ్రోతలకు నమస్కారం.

అమెరికా రాజధాని వాషింగ్టన్‌కు దిగువన, మేరీల్యాండ్ ఒడ్డున పొటోమాక్ నది లోనికి వంపు తిరిగిన ఒక చోటును మాలోస్ బే అంటారు. సముద్రపు ఆటుపోట్లు అంత దూరమూ వస్తాయి. నీరు తీసినప్పుడు బురదలో నుంచి నల్లబడిన కలప పక్కటెముకలు వరుసలు వరుసలుగా బయటపడతాయి. వాటి నుంచి తుప్పు పట్టిన ఇనుప మేకులు పొడుచుకుని వచ్చి ఉంటాయి. నూటికి పైగా ఓడలు అక్కడ శిథిలమై ఉన్నాయి.

1917 ఏప్రిల్‌లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలో దిగేనాటికి జర్మన్ జలాంతర్గాములు అట్లాంటిక్‌లో సరుకు ఓడలను వరుసగా ముంచివేస్తున్నాయి. ఉక్కు కొరతగా ఉన్నందున, వెయ్యి కలప ఆవిరి ఓడలను ఆగమేఘాల మీద కట్టించాలని ప్రభుత్వం సంకల్పించి, 17 రాష్ట్రాలలోని నలభైకి పైగా కార్ఖానాలకు ఆ పని అప్పగించింది. కలప ఓడ సంగతి మన కోరంగి, తాళ్ళరేవు వారికి వేరే చెప్పనక్కరలేదు: చెక్క బాగా ఆరాలి, అతుకుల సందులను ఓపికగా పూడ్చాలి. ఆ హడావిడిలో అంత తీరిక ఎక్కడిది? చాలా ఓడలలోకి నీరు ఊరేది. 1918 నవంబరు 11న యుద్ధం ఆగేనాటికి వాటిలో ఒక్కటైనా అట్లాంటిక్ దాటి ఐరోపా చేరలేదు.

1922లో వెస్టర్న్ మెరైన్ అండ్ సాల్వేజ్ అనే సంస్థ 233 ఓడలను ఏడున్నర లక్షల డాలర్లకు, అంటే ఒక్కొక్కటి సుమారు 3,200 డాలర్లకు కొన్నది. యంత్రాలు, ఇనుము ఊడదీసుకుని, మిగిలిన చెక్కను తగలబెట్టడం వారి పద్ధతి. 1925 నవంబరు 7న ఈ మాలోస్ బేలోనే 31 ఓడలకు ఒకేసారి నిప్పు పెట్టారు. నీటిమట్టం వరకు కాలి, అడుగుభాగాలు బురదలోనే నిలిచిపోయాయి. తరువాత ఆ సంస్థ దివాలా తీసింది. ఆర్థికమాంద్యం రోజులలో చుట్టుపక్కల ఊళ్ళవారు ఆ తుక్కు ఇనుము పెరికి అమ్ముకుని పొట్ట పోసుకున్నారు. నా దృష్టిలో ఆ ఓడలు మనుషులకు నిజంగా అక్కరకు వచ్చింది అప్పుడే.

ఆ పైన నది తన పని మొదలుపెట్టింది. ఓడల కడుపులలో ఒండ్రు పేరుకున్నది. అందులో గడ్డి, ఆపైన పొదలు, ఆపైన చెట్లు మొలిచాయి. ఆకాశం నుంచి చూస్తే కొన్ని అచ్చంగా ఓడ ఆకారంలోనే పచ్చని లంకలుగా కనిపిస్తాయి. కలప సందులలో చేపలు దాగుతాయి. కలప ఓడల తరువాత చాలా ఏళ్ళకు అక్కడికి చేరిన అకోమాక్ అనే ఉక్కు ఫెర్రీ తుప్పు పట్టి ఒరిగి ఉండగా, చేపలను వేటాడే గద్దలు దాని మీద గూళ్ళు కట్టుకుంటాయి. ఈ శిథిలాలను తొలగించాలన్న ప్రయత్నాలు ఒకప్పుడు సాగినా నెగ్గలేదు; 2019లో ఈ ప్రాంతాన్ని జాతీయ సముద్ర అభయారణ్యంగా ప్రకటించారు. పిస్కాటవే ఆదివాసులకు ఇది తరతరాల నేల కూడా.

ఇప్పుడు సందర్శకులు చిన్న తెడ్ల పడవలలో ఓడల మధ్యకు వెళుతుంటారు. అయితే ఆటుపోట్ల వేళలు చూసుకుని మరీ బయలుదేరాలి. పోటు మీద ఉన్నప్పుడు ఆ మేకులు నీటి కింద కంటికి కనబడకుండా నిలిచి ఉంటాయి.